ఇంప్రూవ్డ్ సిస్టమ్ స్టెబిలిటీ

మదర్‌బోర్డు కంపెనీలో ఒక మహానుభావుడు ఉంటాడు. కొత్త బయోస్‌లో, అంటే కంప్యూటర్‌ను నిద్రలేపే బోర్డు సాఫ్ట్‌వేర్‌లో, ఏం మారిందో రాయడం ఆయన ఉద్యోగం. పొద్దున్నే వస్తాడు, టీ తాగుతాడు, ‘ఇంప్రూవ్డ్ సిస్టమ్ స్టెబిలిటీ’ అని కొడతాడు, ఇంటికెళ్తాడు. మూడు వారాలకు ఇంకో వెర్షన్. మళ్లీ టీ, మళ్లీ అదే ముక్క. రామకోటి రాసేవాళ్లు కోటి దగ్గరైనా ఆగుతారు. పని ఒత్తిడి ఎక్కువైన రోజున ‘పెర్ఫార్మెన్స్’ అని ఇంకో మాట చేరుస్తాడు. ఆ ఏడు ప్రమోషన్ ఆయనకే కాబోలు.

ఓవర్‌క్లాకింగ్ చేసేవాడు, అంటే చిప్పునీ ర్యామ్‌నీ మామూలు కంటే వేగంగా పరిగెత్తించేవాడు, ఈ ముక్క చూసే పదింట్లో ఒక వెర్షన్ ఎంచుకోవాలి. పది సంబంధాలు తెచ్చి, పదిమందీ ‘బుద్ధిమంతుడండీ’ అన్నట్టు. నిన్నటి బయోస్‌లో 6400 వేగం దగ్గర నిలబడ్డ డీడీఆర్5 ర్యామ్ ఇవాళ్టి దాంట్లో 6000కే తూలుతుంది. ర్యామ్‌తో సరిపడే టైమింగ్‌ను బోర్డు వెతుక్కునే ‘మెమరీ ట్రైనింగ్’ కోడ్ మార్చారు మరి. చెప్పరు.

అందుకే పేరు కాదు, లోపల ఏముందో చూడాలి: ఏఎండీ చిప్పయితే అజీసా (బయోస్ కోసం ఏఎండీ ఇచ్చే మూల కోడ్) నంబరు, ఇంటెల్ అయితే మైక్రోకోడ్ (చిప్పు లోపలి పనితీరును దిద్దే కోడ్) నంబరు. ‘బీటా’ అని ఉంటే పక్కవాడు వేశాక వేయొచ్చు.

ఇక ‘ఆటో’, అంటే విలువలు బోర్డే పెట్టుకునే సెట్టింగు. బయోస్‌లో ఆటో అంటే మీటరు వెయ్యని ఆటోయే, ఎంతయిందో దిగాకే తెలుస్తుంది. 14900కె చిప్పుకు ఇంటెల్ చెప్పిన పరిమితి 253 వాట్లు. చాలా బోర్డులు అడక్కుండానే అక్కడ 4096 పెట్టాయి. రెండు గీజర్లు! 2023లో ఎక్స్‌పో (ర్యామ్‌ను వేగంగా నడిపే ఏఎండీ సెట్టింగు) ఆన్ చేస్తే ఎస్ఓసీ వోల్టేజీ (చిప్పులో ర్యామ్‌ను నడిపే భాగానికి వెళ్లేది) తనంతట తానే పెరిగి కొన్ని రైజెన్ 7000 ఎక్స్‌3డీ చిప్పులు సాకెట్లోనే కాలాయి. 1.3 వోల్టుల దగ్గర తాళం ఆ తర్వాత పడింది.

ఇంటెల్ 13, 14 తరాల వాళ్ల గోడు ఇంకా అన్యాయం. ఆట మధ్యలో ‘వీడియో మెమరీ చాలలేదు’ అని ఆగిపోతే డ్రైవర్ మార్చమన్నారు, ర్యామ్ మార్చమన్నారు, విండోస్ మళ్లీ వేసుకోమన్నారు. తప్పు నీదే అన్నారు! అసలు చిప్పును అరగదీసింది మితిమీరిన వోల్టేజీ. దాన్ని 1.55 వోల్టుల దగ్గర ఆపిన 0ఎక్స్129 మైక్రోకోడ్ 2024 ఆగస్టులో వచ్చింది, సెప్టెంబరులో 0ఎక్స్12బి. అప్పటికే అరిగిన చిప్పు దీంతో బాగుపడదు. డబ్బు పెట్టి కొన్నవాడిని నెలల తరబడి పరీక్ష ఎలుకను చేసి, దానికి స్టెబిలిటీ అని పేరా?

సరే, బయోస్ మార్చక తప్పదంటే: సెట్టింగులన్నీ ముందు ఫోన్లో ఫొటో తీయండి, పాత ప్రొఫైల్ కొత్త వెర్షన్లో తెరుచుకోకపోవచ్చు. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32, ఫైలు పేరు మాన్యువల్లో ఉన్నట్టే. ఫ్లాష్‌బ్యాక్ (పెన్‌డ్రైవ్ నుంచి బయోస్ ఎక్కించే బటన్) లైటు మినుకుమంటున్నంతసేపూ ముట్టుకోకండి. తర్వాత స్క్రీన్ కొన్ని నిమిషాలు నల్లగా ఉంటే అది ర్యామ్ ట్రైనింగ్, స్విచ్ తీయకండి. పాత బయోస్ ఫైలు ఇంకో పెన్‌డ్రైవ్‌లో దాచండి. ఇంటెల్ బోర్డులో ఎంఈ ఫర్మ్‌వేర్ (బోర్డులో ఉండే ఇంటెల్ సొంత సాఫ్ట్‌వేర్) కూడా మారి ఉంటే అదీ దండగే, వెనక్కి రానివ్వకపోవచ్చు.