చెఫలూ బీచ్‌లో గొడుగు వేసుకునే హక్కు ఎవరిది?

ఇటలీ అనగానే మన టూర్ ప్యాకేజీల్లో రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్, పీసా టవర్ దగ్గర ఒక ఫొటో, అంతే, అక్కడితో సరి. దక్షిణాన ఉన్న సిసిలీ దీవి దాకా దిగేవాళ్ళే తక్కువ, దిగినా దాని రాజధాని పలెర్మో చూసి ఎట్నా అగ్నిపర్వతం ఎక్కి వచ్చేస్తారు. ఆ సిసిలీ ఉత్తర తీరంలో, పలెర్మోకి తూర్పున 70 కిలోమీటర్ల దూరంలో చెఫలూ అని చిన్న ఊరుంది. జనాభా 14 వేలు అటూ ఇటూ, పలెర్మో నుంచి రీజినల్ ట్రైన్ ఎక్కితే గంట ప్రయాణం, టికెట్ పది యూరోలు కూడా ఉండదు. మధ్యధరా సముద్రం ఒడ్డున ఒక్క ఊరు చూసే టైమే ఉంటే ఎక్కడికెళ్ళాలి అని ఎవరైనా అడిగితే నేను చెఫలూ పేరే చెప్తాను, అందం ఒక్కటే కారణం కాదు, బీచ్ అనేది ఎవరి సొత్తు అనే పెద్ద ప్రశ్న మొత్తం ఆ చిన్న ఇసుక మీదే కళ్ళకి కనిపిస్తుంది కాబట్టి.

ముందు ఊరి సంగతి. వెనకాల 270 మీటర్ల ఎత్తున ఒకే ఒక్క పెద్ద రాతి కొండ, దాన్ని లా రొక్కా అంటారు, దాని కాళ్ళ దగ్గర ఇళ్ళు, ఇళ్ళు అయిపోగానే సముద్రం. ఊరి మధ్యలో కెథెడ్రల్ ఉంది, 1131లో నార్మన్ రాజు రెండో రోజర్ మొదలుపెట్టించాడు, లోపల బంగారు మొజాయిక్‌లో క్రీస్తు బొమ్మ 1148 నాటిది, ఆయన చేతిలో తెరిచి ఉన్న పుస్తకంలో ఒక పేజీ గ్రీకు, ఒక పేజీ లాటిన్. 2015లో యునెస్కో పలెర్మోలోని అరబ్ నార్మన్ కట్టడాలతో కలిపి దీన్ని కూడా వారసత్వ జాబితాలో పెట్టింది. ఇవన్నీ ఏ గైడ్‌బుక్‌లోనైనా దొరుకుతాయి, నాకు మాత్రం ఇంకోటి బాగా నచ్చింది. మెయిన్ వీధిలోంచి కొన్ని నల్లరాతి మెట్లు దిగితే పాతకాలం చాకిరేవు ఉంటుంది, గోడకి వరసగా ఇనప సింహం మొహాలు, వాటి నోట్లోంచి చల్లటి నీళ్ళు ఎప్పుడూ పడుతూనే ఉంటాయి, కింద రాతి తొట్లు, బట్టలు రుద్దడానికి ఏటవాలు బండలు. ఊళ్ళో ఆడవాళ్ళు తరాల తరబడి బట్టలుతుక్కున్న చోటు, ఊరందరిదీ. ఇప్పటికీ అక్కడ గేటు దగ్గర కూర్చుని డబ్బులు అడిగేవాళ్ళు లేరు, మెట్లు దిగి చెయ్యి పెట్టి చూసి వచ్చేయొచ్చు.

ఇక బీచ్. పాత ఊరి గోడలు అయిపోయిన చోట మొదలై పడమర వైపు కిలోమీటరు పైనే సాగుతుంది, ఇసుక సన్నగా ఉంటుంది, నీళ్ళు చాలా దూరం వరకూ నడుము లోతే, పిల్లలున్న వాళ్ళకి ఇంతకంటే ఏం కావాలి. ఊరికి ఆనుకుని ఉన్న ముక్క ఫ్రీ బీచ్, దాని తర్వాత రోడ్డు పొడవునా లీదోలు. లీదో అంటే ప్రభుత్వం దగ్గర ఇసుక అద్దెకి తీసుకుని గొడుగులు, పడక కుర్చీలు, బట్టలు మార్చుకునే గదులు, చిన్న బార్ పెట్టి నడిపే వ్యాపారం. ఒక్కో లీదోకి ఒక్కో రంగు గొడుగులు, స్కేలు పెట్టి గీసినట్టు వరసలు, నీళ్ళకి దగ్గర వరసకి రేటు ఎక్కువ. సీజన్‌లో ఒక గొడుగు, రెండు కుర్చీలకి రోజుకి పాతిక ముప్పై యూరోలు మామూలు, ఆగస్టులో ఇంకా పైకి పోతుంది, మన డబ్బుల్లో మూడు వేలు పక్కన పెట్టుకోవాలన్నమాట.

ఫ్రీ ముక్కలో సీన్ వేరే. పొద్దున ఎనిమిదికల్లా పలెర్మో ట్రైన్‌లో కుటుంబాలకి కుటుంబాలు దిగుతాయి, నాన్న భుజం మీద గొడుగు, అమ్మ చేతిలో ఐస్ బాక్స్, నాన్నమ్మకి మడత కుర్చీ, అల్యూమినియం ట్రేలో ఇంట్లో చేసిన పాస్తా, పుచ్చకాయ. పదిన్నర అయ్యేసరికి టవల్ పరవడానికి కూడా జాగా దొరకదు, అదే టైమ్‌కి పక్కన తాడు అవతల లీదోలో వరసలకి వరసలు ఖాళీ కుర్చీలు కనిపిస్తుంటాయి. ఆ తాడు అవతల ఉన్న ఇసుక, ఇవతల ఉన్న ఇసుక రెండూ చట్టం ప్రకారం ప్రభుత్వానివే, 1942 నాటి ఇటలీ సివిల్ కోడ్‌లో సముద్రతీరం, బీచ్ ప్రజల ఆస్తి అని స్పష్టంగా రాసి ఉంది. లీదో మీదుగా నడిచి నీళ్ళ దాకా వెళ్ళడానికి ఎవరూ అడ్డు చెప్పకూడదని 2006లో ఇంకో చట్టం కూడా చేశారు. ఇది చాలామంది టూరిస్టులకి తెలీదు, తెలుసుకోవాలి.

మరి గొడవెక్కడ? అద్దె ఒప్పందాల దగ్గర. దశాబ్దాలుగా ఈ ఒప్పందాలు వాటంతటవే రెన్యూ అయిపోతూ వచ్చాయి, తాత పెట్టిన లీదో మనవడు నడుపుతున్నాడు, కొత్తవాడికి చోటు లేదు. పర్యావరణ సంస్థ లెగాంబియెంతె లెక్క ప్రకారం దేశంలో ఇసుక తీరంలో 40 శాతం పైనే లీదోల కింద ఉంది, ప్రభుత్వానికి అద్దెగా వచ్చేది మాత్రం దేశం మొత్తమ్మీద ఏడాదికి పది కోట్ల యూరోలు అటూ ఇటూ. యూరోపియన్ యూనియన్ 2006లోనే సేవల డైరెక్టివ్ (సభ్యదేశాలన్నీ పాటించాల్సిన నిబంధన) తెచ్చి ఇలాంటివి పోటీ పెట్టి ఇవ్వాలంది, 2016లో యూరోపియన్ కోర్టు అదే చెప్పింది, 2021లో ఇటలీ సొంత కౌన్సిల్ ఆఫ్ స్టేట్, అంటే ప్రభుత్వ వ్యవహారాల మీద తీర్పు చెప్పే పెద్ద కోర్టు, కూడా ఈ పాత ఒప్పందాలు 2023 చివరికల్లా ఆపేయండి అంది. ప్రభుత్వాలు మారాయి, గడువులు జరిగాయి, 2024 సెప్టెంబర్‌లో మళ్ళీ డిక్రీ తెచ్చి 2027 సెప్టెంబర్ దాకా పొడిగించారు. అంతకుముందు నెలలోనే లీదో ఓనర్లు మాకు క్లారిటీ ఇవ్వండి అని ఒకరోజు పొద్దున రెండు గంటలు గొడుగులు తెరవకుండా సమ్మె కూడా చేశారు.

లీదో వాళ్ళని విలన్లు చేసి మాట్లాడటం నాకు ఇష్టం ఉండదు. వాళ్ళలో చాలామంది చిన్న కుటుంబాల వాళ్ళే, చలికాలం తుపాన్లకి కొట్టుకుపోయిన చెక్క ప్లాట్‌ఫారాలు ప్రతి ఏడాది మళ్ళీ కట్టుకుంటారు, లైఫ్‌గార్డ్‌ని పెడతారు, టాయిలెట్లు కడుగుతారు. ముసలివాళ్ళతో వెళ్ళినవాళ్ళకి, పసిపిల్లల తల్లులకి ఆ నీడ నిజంగా అవసరం. రేపు వేలం పెడితే పెద్ద కంపెనీలు వచ్చి మమ్మల్ని మింగేస్తాయని వాళ్ళు భయపడుతున్నారంటే ఆ భయం ఊరికే పుట్టింది కాదు. అందుకే నా ఉద్దేశంలో ఈ చర్చ మొత్తం ఓనర్ ఎవరు అనే దాని చుట్టూనే తిరగడం తప్పు. పాత ఓనర్ పోయి కొత్త ఓనర్ వస్తే పలెర్మో నుంచి ట్రైన్‌లో వచ్చే ఆ కుటుంబానికి ఒరిగేదేంటి? వాళ్ళకి కావాల్సింది ఇంకో పది మీటర్ల ఫ్రీ ఇసుక, ఒక షవర్, ఒక టాయిలెట్. ఇటలీలో ఎంత శాతం బీచ్ ఫ్రీగా వదలాలో దేశం మొత్తానికీ ఒకే రూల్ లేదు, పూల్యా రాష్ట్రం 60 శాతం అంటుంది, ఎమీలియా రొమాన్యా 20 శాతంతో సరిపెడుతుంది. ఫ్రాన్స్‌లో చూడండి, 2006 నుంచి సహజమైన బీచ్‌లలో పొడవులో 80 శాతం ఖాళీగా ఉండాలి. గ్రీస్‌లో 2023 ఎండాకాలంలో పారోస్ దీవి జనం టవల్స్ పట్టుకుని బీచ్‌ల మీదకొచ్చి మా ఇసుక మాకివ్వండని నిరసన చేస్తే, మరుసటి ఏడాదే ప్రభుత్వం రూల్స్ బిగించి, ఆక్రమణల మీద కంప్లయింట్ చేయడానికి యాప్ పెట్టింది.

మనకిది కొత్త విషయమేం కాదు. వైజాగ్‌లో ఆర్కే బీచ్‌కి సాయంత్రం అయితే చాలు ఆటోలో వచ్చేవాళ్ళు, కారులో వచ్చేవాళ్ళు అందరూ ఒకే ఇసుక మీద కూర్చుని మొక్కజొన్న పొత్తులు తింటారు. అదే ఊళ్ళో రుషికొండ బీచ్‌కి 2023 జులైలో 20 రూపాయల ఎంట్రీ ఫీజు పెడతామంటే జనం ఊరుకోలేదు, సర్కారు వెనక్కి తగ్గింది. ఇరవై రూపాయలే కదా అన్నవాళ్ళు అప్పుడూ ఉన్నారు, కానీ ఐదుగురున్న ఇంటికి అది వంద రూపాయలు, ప్రతి ఆదివారం వెళ్ళేవాళ్ళకి నెలకి నాలుగొందలు.

మిలాన్‌లోనో జర్మనీలోనో చదువుకుంటున్న మన పిల్లలు, సెలవు పెట్టుకుని వెళ్ళే ఐటీ వాళ్ళు చెఫలూ వెళ్తే జులై, ఆగస్టు వదిలేసి జూన్ మొదట్లోనో సెప్టెంబర్ చివర్లోనో వెళ్ళండి, సెప్టెంబర్‌లో నీళ్ళు ఇంకా వెచ్చగానే ఉంటాయి. పొద్దున వచ్చి సాయంత్రం పోయే టూరిస్టులతో ఊరికి చెత్త తప్ప పెద్దగా మిగిలేదేం ఉండదు, అందుకని ఒక రాత్రి ఉండండి, లైసెన్స్ నంబర్ చూపించిన గదే తీసుకోండి, పొద్దున్నే గ్రనీతాలో (మంచు తురుములాంటి చల్లటి తీపి) బ్రియోష్ అనే మెత్తటి బన్ను ముంచుకుని తినండి, సాయంత్రం పాత రేవు దగ్గర పెస్కారా గేటు కింద చిన్న ఇసుక ముక్క ఉంది, అక్కడ ఊరి పిల్లలు ఈదుతుంటారు, వెళ్ళి చూడండి. మీకు లీదోలో కుర్చీ కావాలంటే తీసుకోండి, తప్పేం లేదు.

2027లో టెండర్లు పిలిచే టైమ్‌కి మాత్రం అక్కడి ప్రభుత్వం వరస మార్చాలి. ముందు ఫ్రీ బీచ్ వాటా సగానికి తగ్గకుండా, ఊరికి దగ్గరగా, స్టేషన్ నుంచి నడిచి వెళ్ళగలిగే చోట గీసి పక్కన పెట్టాలి, మిగిలిన ఇసుకకే వేలం పెట్టాలి, వేలంలో ఇన్నేళ్ళు నడిపిన చిన్న కుటుంబాల అనుభవానికి మార్కులివ్వాలి. ఆ అద్దె డబ్బుల్లోంచే ఫ్రీ బీచ్‌కి లైఫ్‌గార్డ్, షవర్, టాయిలెట్ ఖర్చు పెట్టాలి, ఆ లెక్క ప్రతి సీజన్ చివర్లో మున్సిపాలిటీ బోర్డు మీద అంటించాలి.