అగస్టా నేషనల్ ఎవరి ఒత్తిడికీ లొంగలేదా?

ఏటా ఏప్రిల్లో మాస్టర్స్ గోల్ఫ్ పోటీలు దగ్గర పడగానే ఒక కథ చేతులు మారుతూ తిరుగుతుంది. క్లుప్తంగా చెప్పాలంటే ఇదీ ఆ కథ: అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని అగస్టా నేషనల్ గోల్ఫ్ క్లబ్‌ను మహా ఆటగాడు బాబీ జోన్స్ ఒంటిచేత్తో నిలబెట్టాడు. మొదటి రోజు నుంచీ అది కోటీశ్వరుల క్లబ్. 1934 నుంచి ఆ మైదానం అంగుళం కూడా మారలేదు, గెలిచినవాడికి పచ్చకోటు తొడగడం కూడా అప్పటి ఆచారమే. బయటి ఒత్తిడికి క్లబ్ ఏనాడూ తలవంచలేదు. నల్లజాతి ఆటగాళ్లు చాలాకాలం అక్కడ కనిపించకపోవడానికి కారణం వివక్ష కాదు, తగిన ఆటగాడు లేకపోవడమే.

మొదటి అంశాలు తెలియక చేసిన పొరపాట్లు అనుకోవచ్చు. చివరి రెండూ అలా వదిలేయదగ్గవి కావు.

ముందు ఒంటిచేతి సంగతి. 1930లో ఒకే ఏడాది నాలుగు పెద్ద టైటిళ్లూ గెలిచి, 28 ఏళ్లకే పోటీల నుంచి తప్పుకున్న జోన్స్ మనసులో పుట్టిన క్లబ్ అది, నిజమే. డబ్బు సమకూర్చింది, సభ్యుల కోసం తిరిగింది, నాలుగు దశాబ్దాలకు పైగా క్లబ్‌ను శాసించింది మాత్రం న్యూయార్క్‌కు చెందిన ఆర్థిక వ్యాపారి క్లిఫర్డ్ రాబర్ట్స్. జోన్స్‌తో కలిసి మైదానాన్ని రూపొందించింది ఆలిస్టర్ మెకంజీ. వైద్యం చదివి గోల్ఫ్ కోర్సుల నిర్మాణంలోకి వచ్చిన ఈయనకు రావలసిన ఫీజు పూర్తిగా ముట్టలేదు. మొదటి పోటీకి రెండు నెలల ముందు, 1934 జనవరిలో చనిపోయాడు. ఇక ఆ నేల 1857 నుంచి బెల్జియం మూలాలున్న బెర్క్‌మన్స్ కుటుంబం నడిపిన ఫ్రూట్‌లాండ్ నర్సరీది. నేడు టీవీలో చూసి మురిసిపోయే మాగ్నోలియా చెట్ల బాట ఆ నర్సరీ కాలం నాటిదే.

కోటీశ్వరుల క్లబ్ అన్న మాట ఈనాటికి చెల్లుతుంది. పుట్టినప్పుడు మాత్రం అది అప్పుల్లో పుట్టింది. 1931లో సుమారు 365 ఎకరాలను 70,000 డాలర్లకు కొన్నప్పుడు దేశం మహామాంద్యంలో ఉంది. 1,800 మంది సభ్యులు చేరతారని లెక్క వేసుకున్నారు. 1934లో మొదటి పోటీ జరిగేనాటికి చందా కట్టే సభ్యులు వంద మంది కూడా లేరు. రెండో గోల్ఫ్ కోర్సు, టెన్నిస్ కోర్టులు, సభ్యుల ఇళ్ల స్థలాలు అన్నీ కాగితం మీదే ఉండిపోయాయి. 1850ల నాటి పాత భవనాన్ని కూలగొట్టి కొత్త క్లబ్‌హౌస్ కట్టాలనుకున్నారు, దానికీ డబ్బు లేకపోయింది. ఈరోజు క్లబ్ గుర్తుగా ప్రపంచమంతా చూసే ఆ తెల్లటి భవనం పేదరికం వల్ల బతికి బయటపడింది. యుద్ధకాలంలో, 1943 నుంచి 1945 దాకా, పోటీలు ఆపి ఫెయిర్‌వేల (ఆట సాగే పచ్చిక దారుల) మీద పశువుల్నీ టర్కీ కోళ్లనీ పెంచారు. పశువులు అజేలియా పొదలు మేసేశాయి. ఆ తర్వాత మైదానాన్ని బాగుచేసే పనిలో సమీపంలోని సైనిక శిబిరంలో ఉన్న జర్మన్ యుద్ధఖైదీలు కూడా చెయ్యి వేశారు. ఈ క్లబ్ చరిత్రలో నాకు ఎంతో ఇష్టమైన భాగం ఇదే. దీన్ని దాచిపెట్టి పుట్టుకతోనే వైభవం అని ఎందుకు చెప్పుకోవాలో నాకు అర్థం కాదు.

అంగుళం కూడా మారలేదన్నదానికి జవాబు చిన్నది. 1934లో ఆడిన మొదటి తొమ్మిది హోల్స్ (మైదానంలో వరుసగా ఆడే 18 భాగాల్లో సగం) మరుసటి ఏడాదికి చివరి తొమ్మిదయ్యాయి. 16వ హోల్‌ను 1947లో చెరువు చుట్టూ కొత్తగా కట్టారు. 1980లో గ్రీన్ల (బంతి వేసే గుంత చుట్టూ ఉండే నున్నటి పచ్చిక) మీద గడ్డి రకమే మార్చేశారు. 2002 పోటీకి మైదానం పొడవు 285 గజాలు పెరిగింది, 2023లో 13వ హోల్ టీ (తొలి దెబ్బ కొట్టే చోటు) మరో 35 గజాలు వెనక్కి పోయింది. మాస్టర్స్ అన్న పేరు 1939 నుంచే అధికారికం. పచ్చకోటు 1937లో సభ్యుల కోసం మొదలైంది; విజేతగా దాన్ని మొదట తొడుక్కున్నది 1949లో శామ్ స్నీడ్.

ఒత్తిడికి లొంగలేదన్న మాటకు వద్దాం. మొదటి నల్లజాతి సభ్యుడిని క్లబ్ చేర్చుకున్నది 1990 సెప్టెంబరులో. అంతకుముందు రెండు మూడు నెలల్లో ఏం జరిగింది? అలబామాలోని షోల్ క్రీక్ క్లబ్‌లో ఆ ఆగస్టులో పీజీఏ (అమెరికా వృత్తి గోల్ఫర్ల సంఘం) చాంపియన్‌షిప్ జరగాల్సి ఉంది. ఆ క్లబ్ స్థాపకుడు నల్లజాతివారిని చేర్చుకోబోమన్న అర్థంలో పత్రికతో మాట్లాడాడు. నిరసన రేగింది, టీవీ ప్రకటనదారులు వెనక్కి తగ్గారు. సభ్యత్వంలో వివక్ష చూపే క్లబ్బుల్లో పోటీలు పెట్టబోమని, వృత్తి ఆటగాళ్ల పోటీలు నడిపే పీజీఏ టూర్ ప్రకటించింది. దాదాపు 60 ఏళ్లుగా తట్టని ఆలోచన సరిగ్గా ఆ వేసవి చివర్లోనే దానంతట అదే తట్టిందంటే ఎలా నమ్మడం?

మహిళల విషయం కూడా ఇంతే. 2002లో మహిళా సంఘాల నాయకురాలు మార్తా బర్క్ లేఖ రాసినప్పుడు, బయోనెట్ చూపించి బెదిరిస్తే మార్పు చెయ్యబోమని క్లబ్ ఛైర్మన్ హూటీ జాన్సన్ బహిరంగంగా బదులిచ్చాడు. 2003, 2004 పోటీలు ప్రకటనలు లేకుండానే ప్రసారమయ్యాయి. అంత సొమ్మును వదులుకున్నారు కదా, పట్టుదల అంటే అదీ అని వాదించేవాళ్లున్నారు. ఆ పట్టుదల నిజమే, పదేళ్లు నిలిచింది. 2012 మొదట్లో, మాస్టర్స్ ప్రాయోజకుల్లో ఒకటైన ఐబీఎంకు తొలిసారి ఒక మహిళ అధిపతి అయింది. అంతకుముందు ఆ కుర్చీలో కూర్చున్న మగవాళ్లకు ఈ క్లబ్‌లో సభ్యత్వం ఉండేది. మరి ఆమెకూ ఇస్తారా అన్నదే ఆ ఏప్రిల్ పోటీల వేళ అందరూ అడిగిన ప్రశ్న. ఆగస్టు 20న అమెరికా మాజీ విదేశాంగ మంత్రి కాండోలీజా రైస్, వ్యాపారవేత్త డార్లా మూర్‌లకు సభ్యత్వం ఇచ్చినట్టు క్లబ్ ప్రకటించింది. ప్రైవేటు క్లబ్ తన సభ్యుల్ని తానే ఎంచుకోవచ్చన్నది చట్టపరంగా సరైన మాటే, దానితో నాకు పేచీ లేదు. ఎంచుకున్న తీరును ఉన్నదున్నట్టు చెప్పాలనే నా పట్టు.

చివరిది, అన్నిటికంటే అన్యాయమైనది: తగిన ఆటగాడు లేడన్నది. నల్లజాతి ఆటగాడు చార్లీ సిఫర్డ్ 1967లో గ్రేటర్ హార్ట్‌ఫర్డ్ ఓపెన్, 1969లో లాస్ ఏంజిలెస్ ఓపెన్ గెలిచాడు. మరో నల్లజాతి ఆటగాడు పీట్ బ్రౌన్ 1964లోనే టూర్ టైటిల్ గెలిచాడు. ఇద్దరిలో ఎవరికీ మాస్టర్స్ పిలుపు రాలేదు. అసలు 1961 దాకా పీజీఏ నియమావళిలోనే తెల్లజాతివారికే సభ్యత్వం అన్న నిబంధన ఉండేది. ఆడనివ్వని చోట అర్హత ఎక్కడి నుంచి వస్తుంది?

టూర్ పోటీ గెలిచినవాళ్లకు నేరుగా ఆహ్వానం అన్న నియమం 1972 పోటీకి వచ్చాకే దారి తెరుచుకుంది. 1974లో లీ ఎల్డర్ ఫ్లోరిడాలోని పెన్సకోలాలో మాన్‌శాంటో ఓపెన్ గెలిచాడు. అదే పెన్సకోలా క్లబ్‌లో 1968లో అతన్నీ తోటి నల్లజాతి ఆటగాళ్లనూ క్లబ్‌హౌస్‌లోకి రానివ్వకపోతే, వాళ్లు కార్లు నిలిపే చోట బట్టలు మార్చుకున్నారు. 1975 ఏప్రిల్లో అగస్టాలో ఆడేటప్పటికి ఎల్డర్ వయసు 40. చంపుతామంటూ ఉత్తరాలు రావడంతో, ఎక్కడ ఉంటున్నాడో తెలియకుండా రెండు ఇళ్లు అద్దెకు తీసుకున్నాడు. రెండు రోజుల్లో 74, 78 దెబ్బలు తీసుకుని, ముందుకు వెళ్లే అర్హత దక్కక రెండో రోజుతోనే వెనుదిరిగాడు.

ఆ మైదానంలో నల్లజాతివారు లేకపోవడమన్నది ఎన్నడూ లేదు. 1982 దాకా మాస్టర్స్ ఆటగాళ్లు క్లబ్ కేడీలనే (ఆటగాడి బ్యాగ్ మోస్తూ సలహాలిచ్చేవాళ్లను) తీసుకోవాలి, ఆ కేడీలంతా నల్లజాతివారే. ఏ గ్రీన్ మీద బంతి ఎటు వాలుతుందో వాళ్లకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. 1961లో 14 ఏళ్లకే మాస్టర్స్‌లో బ్యాగ్ మోసిన కార్ల్ జాక్సన్ మొత్తం 54 మాస్టర్స్‌కు కేడీగా ఉన్నాడు. 1995లో జాక్సన్ కేడీగా ఉన్న ఆటగాడు బెన్ క్రెన్‌షా, ఆట గాడి తప్పి వచ్చాడు. పోటీ వారంలోనే గురువు అంత్యక్రియలకు వెళ్లి రావాల్సి వచ్చింది. సాధన చేస్తుండగా చూసి, బంతిని కాస్త వెనక్కి పెట్టుకో, భుజం ఇంకా తిప్పు అని జాక్సన్ చెప్పాడు. ఆ ఆదివారం క్రెన్‌షా 43 ఏళ్ల వయసులో గెలిచాడు. తగినవాళ్లు లేరని రాసేవాళ్లు ఈ మనుషుల పేర్లు ఒక్కసారి చదవాలి.

ఇంకో సంగతి. 2020 నవంబరులో ఈ క్లబ్బే ఎల్డర్ పేరిట అగస్టాలోని పెయిన్ కాలేజీలో స్కాలర్‌షిప్పులు ప్రకటించి, అక్కడ మహిళల గోల్ఫ్ జట్టు ఏర్పాటుకు ఖర్చు భరిస్తానంది. మరుసటి ఏప్రిల్లో మాజీ విజేతలు జాక్ నిక్లాస్, గ్యారీ ప్లేయర్‌ల సరసన పోటీని ఆరంభించే గౌరవం అతనికిచ్చింది. జరిగినదాన్ని క్లబ్ ఆ మేరకైనా గుర్తించింది. దాని తరఫున కథలు పంచేవాళ్లు మాత్రం ఇంకా కాదంటున్నారు.