మహారాజశ్రీ పాత కొట్టుమేడ గారికి

మలేషియాలోని పినాంగ్ దీవి, జార్జ్‌టౌన్ వాస్తవ్యులైన తమ దివ్యసముఖానికి,

ఉభయకుశలోపరి. తమరిప్పుడు కింద కొట్టూ కాదు, పైన ఇల్లూ కాదు, 'హెరిటేజ్ గెస్ట్‌హౌస్' అని తెలిసి సంతోషించాం. పేరు మారాక రేటు మారడం లోకసహజం.

సిమెంటు పూస్తే పాత ఇటుక గోడకు ఊపిరాడదనీ, చెమ్మ లోపలే ఉండిపోతుందనీ, అందుకే మళ్లీ సున్నమే పూశారనీ కౌంటర్లో అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. మెచ్చుకోవలసిన పనే. కానీ మంచం పక్కన చేటంత మేర పెచ్చులూడిన గోడను అలాగే వదిలేసి, పైన చిన్న దీపం పెట్టి, 'అసలు గోడ' అని చీటీ అంటించారేమిటండీ? మా ఇంట్లో అయితే మేస్త్రీని పిలుస్తాం. డబ్బులు ఆయనకిస్తాం. ఇక్కడ చూసినందుకు మేమే ఇచ్చుకున్నాం.

వీధివైపు మూడు బారలు, లోపలికి రైలుపెట్టె. మధ్యలో మండువా లేకపోతే తమకు గాలీ వెలుతురూ ఎక్కడివి? ఒప్పుకున్నాం. నా గదికున్న ఒకే ఒక్క కిటికీ కూడా అందులోకే తెరుచుకుంది. ఎదుటి కిటికీ గురక, కింది గదిలో ఎవరో ఫోన్లో అత్తగారితో పడ్డ తగాదా, అన్నీ గాలితోపాటే అందాయి. చెక్క నేల సంగతి సరేసరి. పక్కగది పెద్దాయన రాత్రి ఎన్నిసార్లు లేచారో ఆయన డాక్టరుకన్నా నాకే బాగా తెలుసు.

కింద హాల్లో కాలితో తొక్కే కుట్టుమిషను మీద గాజుపలక వేసి కాఫీబల్ల చేశారు. ఎవరిదమ్మా ఇది అనడిగితే 'వింటేజ్ సార్' అంది.

1966 నాటి అద్దె నియంత్రణ చట్టం ఉన్నన్నాళ్లూ తమ వీధుల్లో కింద వ్యాపారం, పైన కాపురం, చేతికందే అద్దె. 2000 జనవరి 1తో ఆ చట్టం చెల్లిపోయింది. అద్దెలు పైకెళ్లాయి, మనుషులు బయటికెళ్లారు. ఖాళీ అయిన మేడల్లో కొన్నింటిని గూళ్ల వ్యాపారం కోసం స్విఫ్ట్‌లెట్ పిట్టలకిచ్చారు. సూప్ కాచుకునే గూళ్లు మరి, బంగారం ధర! 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ పట్టికలో తమ ఊరి పేరెక్కాక, పిట్టలుంటే వారసత్వం పాడవుతుందని వాటినీ ఖాళీ చేయించారు. ఆ తర్వాత వంతు మాది. పిట్టలు గూళ్లిచ్చి వెళ్లేవి, మేం ఐదు నక్షత్రాలిచ్చి వెళ్తున్నాం.

ఎండావానా తగలకుండా దారినపోయే ఎవరైనా నడవాలని కట్టిన తమ ముందు వసారాలో ఇప్పుడు పూలకుండీలు, రెండు పేము కుర్చీలు, 'అతిథులకు మాత్రమే' అని బోర్డు. దారినపోయేవాళ్లు రోడ్డు మీద బైకుల మధ్య నడుస్తున్నారు.

ఒక్క మనవి. చీటీలు అంటించే అలవాటు ఎలాగూ ఉంది కనుక కుట్టుమిషనుకీ ఒకటి అంటించండి: ఎవరు కుట్టేవారు, అద్దె ఎంత పెంచితే లేచిపోయారు అని. దీపం ఖర్చు నా బిల్లులో వేసుకోండి.

ఇట్లు,
తమ నిటారు మెట్ల మీద సూట్‌కేసు నెత్తికెత్తుకున్న
మేడమీద గది విధేయుడు