దామెర్ల వారింటి కథ కూడా చెప్పండి

మీ వ్యాసంలో పిల్లలకు చిత్రకారుల కథలు చెప్పి ఇంటిల్లిపాదీ కలిసి బొమ్మలు వేయమని రాశారు, చాలా నచ్చింది. కానీ ఉదాహరణలన్నీ వాంగో, పికాసోలవే ఇచ్చారు. మన రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు గారిని ఎలా మర్చిపోయారండీ? రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ప్రోత్సాహంతో బొంబాయి జేజే ఆర్ట్ స్కూల్లో బొమ్మలు వేయడం చదువుకుని వచ్చిన ఆయన తను ఒక్కడే వేసి ఊరుకోలేదు, భార్య సత్యవాణి గారు, సోదరి బుచ్చికృష్ణమ్మ గారు కూడా చిత్రకారులే. రామారావు గారు 1925లో, 28 ఏళ్లు నిండకుండానే మశూచితో పోయారు, తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

రాజమండ్రిలో ఆయన పేరుతో ఉన్న ఆర్ట్ గ్యాలరీ చూసొచ్చాక మా ఇంట్లో ఆదివారం హాల్లో పాత దుప్పటి పరిచి అందరం కూర్చున్నాం. పాప గోదావరికి నీలం రంగు వేస్తుంటే మా అత్తయ్య ఆపి, "వరదొస్తే నీళ్లు ఎర్రగా ఉంటాయే తల్లీ" అని బ్రష్ తీసుకుని ఎరుపులో కాస్త పసుపు కలిపి తనే వేయడం మొదలుపెట్టారు. ఆవిడ ముగ్గులు తప్ప ఇంకేమీ వేయగా నేనెప్పుడూ చూడలేదు. ఇప్పుడు ఆ కాగితం ఫ్రిజ్ మీద అంటించి ఉంది, కింద ఇద్దరి సంతకాలూ ఉన్నాయి.