ఎల్పీ అట్ట వెనక వ్యాసం గారికి

అయ్యా,

ఎల్పీ రికార్డు అట్ట వెనక అచ్చేసే పరిచయ వ్యాసం మీరు. ఇంగ్లీషులో మీ పేరు లైనర్ నోట్స్. తెలుగులో మీకు పేరు పెట్టాల్సిన అవసరం ఎవరికీ రాలేదు కాబట్టి, నేను అట్ట వెనక వ్యాసం గారూ అని పిలుస్తాను. ఏమీ అనుకోకండి.

పన్నెండంగుళాల అట్ట. ముందువైపు ఫ్రాన్సిస్ వుల్ఫ్ తీసిన ఫొటో, దాని చుట్టూ రీడ్ మైల్స్ పేర్చిన అక్షరాలు. సిగరెట్ పొగ, చెమట పట్టిన నుదురు, కళ్ళు మూసుకుని ట్రంపెట్ ఊదుతున్న కుర్రాడు. ఆ బొమ్మకి పడిపోయి రికార్డు చేతిలోకి తీసుకుంటాం. తిప్పితే మీరు, పైనుంచి కిందదాకా చీమల బారులాగా. రీడ్ మైల్స్‌కి జాజ్ కంటే పాశ్చాత్య శాస్త్రీయ సంగీతమే ఇష్టమట. బ్లూ నోట్ అనే జాజ్ రికార్డు కంపెనీ యజమాని ఆల్‌ఫ్రెడ్ లయన్ నోటితో చెప్పిందాన్ని బట్టి అట్ట తయారు చేసేవాడట. ఆయన్ని నేనేమీ అనను. విన్నానని ఆయన ఎక్కడా చెప్పుకోలేదు. మీరు చెప్పుకున్నారు.

సంగతేమిటంటే, మేం నలుగురు స్నేహితులం. ఎప్పుడు కలిసినా ఒకటే గొడవ: 1950ల మధ్య నుంచి 60ల మధ్య దాకా వచ్చిన హార్డ్ బాప్ అనే జాజ్ శైలి ఆల్బమ్‌లకి ఇంత పేరు తగునా? ఒకడు శాక్సఫోన్ వాయించే జాన్ కోల్ట్రేన్ ఆల్బమ్ ‘బ్లూ ట్రెయిన్’ని ఒక్క మాటన్నా భరించలేడు. ఇంకొకడు అవన్నీ ఒకే ఆల్బమ్ అంటాడు. మొదట ట్రంపెట్, శాక్సఫోన్ కలిసి ఒక ట్యూన్, తర్వాత శాక్సఫోన్ సోలో, ట్రంపెట్ సోలో, పియానో సోలో, బేస్ సోలో (అప్పుడు అందరూ కాఫీకి లేస్తారు), డ్రమ్స్‌తో నాలుగు విసుర్లు, మళ్ళీ మొదటి ట్యూన్. అట్టలు మారాయి తప్ప లోపల మారిందేమీ లేదంటాడు. ఇరవయ్యేళ్ళుగా వాదించుకుంటున్నాం. ఈమధ్య పాత అట్టలు దుమ్ము దులుపుతూ మిమ్మల్ని మళ్ళీ చదివితే తెలిసింది, మా నలుగురి నోట్లోంచి వస్తున్న మాటలన్నీ మీవే.

మీ వృత్తి నాకు కొత్తేమీ కాదు. మా వైపు పెళ్ళిళ్ళ పేరయ్యలు ఉండేవాళ్ళు. అబ్బాయి నల్లగా ఉంటే కళైన మొహం, నోరు విప్పకపోతే నెమ్మదస్తుడు, ఉద్యోగం లేకపోతే స్వతంత్ర భావాలు. మీదీ అదే భాష. కొత్తగా ఏమీ చెయ్యని ఆల్బమ్‌కి ‘సంప్రదాయం తెలిసిన’, మరీ పొడుగు సోలోకి ‘లోతైన’, శ్రుతి కాస్త అటూ ఇటూ అయితే ‘ఘాటైన’. పేరయ్యకి ఇరువైపులా సంభావన అందేది. మీకూ అంతే. లెనార్డ్ ఫెదర్, ఐరా గిట్లర్, నాట్ హెంటాఫ్, వీళ్ళంతా పత్రికల్లో జాజ్ విమర్శకులు. వీళ్ళే మీ వెనకుండి రికార్డు కంపెనీల అట్టల మీద రాశారు. పొద్దున న్యాయమూర్తి, సాయంత్రం అదే కక్షిదారుకి వకీలు.

‘క్లాసిక్’ అనే పట్టా మీ చేత ఇప్పించుకున్నవాటిలో కొన్ని ఎలా పుట్టాయో చూడండి. ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ ప్రెస్టీజ్ అనే రికార్డు కంపెనీకి ఒప్పందం ప్రకారం ఇంకా ఆల్బమ్‌లు బాకీ. ఆయన మనసు అప్పటికే కొలంబియా అనే ఇంకో కంపెనీ మీద ఉంది. 1956లో మే 11న ఒకసారి, అక్టోబర్ 26న ఇంకోసారి, రెండే రెండు రోజులు స్టూడియోకి వెళ్ళి, రాత్రుళ్ళు క్లబ్బుల్లో వాయించే పాటలే వరసబెట్టి వాయించి అప్పు తీర్చేశాడు. అందులోంచి ప్రెస్టీజ్ నాలుగు ఆల్బమ్‌లు తీసి, ఏళ్ళ తరబడి ఒక్కొక్కటిగా వదిలింది. నాలుగూ ఈరోజు క్లాసిక్కులే. నిజం చెప్పాలంటే, బాగుంటాయి కూడా. నాకు మంట పుట్టేది అక్కడే. బకాయి చెల్లింపు రసీదు ఇంత బాగుంటే, మహత్తర ఆలోచనలూ గంభీర సంకల్పాలూ అంటూ మీరు రాసేదంతా దేనికి?

ట్రంపెట్ వాయించే లీ మోర్గన్ ఆల్బమ్ ‘సైడ్‌వైండర్’ ఇంకో కథ. 1963 డిసెంబర్‌లో రికార్డు చేశాడు. మొదటి పాట పది నిమిషాలపైన, ఒళ్ళు దానంతటదే ఊగే పాట. క్రైస్లర్ కార్ల కంపెనీ తన టీవీ ప్రకటనకి వాడుకుంది. బ్లూ నోట్ లాంటి చిన్న కంపెనీకి అది లంకెబిందె. ఇక ఆ తర్వాత ఎవరొచ్చినా ‘మొదటి పాట అలాంటిదొకటి పడాలి’ అన్న ఒత్తిడి. మోర్గన్ చేతే మళ్ళీ ‘రంప్‌రోలర్’ చేయించారు. ఈలోగా అతను 1964 ఫిబ్రవరిలోనే చేసిన ‘సెర్చ్ ఫర్ ద న్యూ లాండ్’ రెండేళ్ళు అరలో పడుంది. నా లెక్కలో ఇది ‘సైడ్‌వైండర్’ కంటే ఒక మెట్టు పైనే. ‘సైడ్‌వైండర్’ ఆల్బమ్‌లో మిగతా నాలుగు పాటల పేర్లు మా వాళ్ళలో ఎవరైనా చూడకుండా చెప్తే బిర్యానీ పెట్టిస్తానన్నాను. నా డబ్బులు నా జేబులోనే ఉన్నాయి.

ఇంతకంటే సరదా విషయం మీ ఇంట్లోనే ఉంది. అట్టల మీద అన్ని రాసిన లెనార్డ్ ఫెదరే డౌన్‌బీట్ పత్రికలో బ్లైండ్‌ఫోల్డ్ టెస్ట్ అనే శీర్షిక నడిపాడు. సంగీతకారుణ్ణి కూర్చోబెట్టి, ఏ రికార్డో చెప్పకుండా వినిపించి, ఎలా ఉందో చెప్పమనడం. అంటే పేరు తెలిస్తే మనిషి సరిగా వినడని మీ పెద్దాయనకి ముందే తెలుసన్నమాట! ఆయన దగ్గర అలాంటి పరీక్షకి కూర్చున్న బేస్ వాద్యకారుడు చార్ల్స్ మింగస్, రికార్డింగ్ ఇంజనీరు రూడీ వాన్ గెల్డర్ మైకులు పెట్టే తీరుతో మనుషుల నాదాన్నే మార్చేస్తాడని, అందుకే తాను అతని దగ్గరకి వెళ్ళనని కుండబద్దలు కొట్టాడు. వాన్ గెల్డర్ అంటే పగలు కంటి పరీక్షలు చేస్తూ, 1959 దాకా న్యూజెర్సీలోని హాకెన్‌సాక్‌లో తన అమ్మానాన్నల ఇంటి హాల్లోనే సగం హార్డ్ బాప్‌ని రికార్డు చేసినవాడు. మింగస్ మాట మాత్రం మీ చీమల బారులో ఎక్కడా కనబడలేదు.

సరే, మీ పెద్దాయన మందు మీకే పోద్దామని, మొన్న ఆదివారం ఇంట్లోనే ఆ పరీక్ష పెట్టించుకున్నాను. మా అమ్మాయికి ఫోన్ ఇచ్చి, ‘నా లిస్టులోంచి పది పాటలు, పేరు చెప్పకుండా పెట్టు, పదికి మార్కులేస్తా’ అన్నాను. కళ్ళకి తుండుగుడ్డ కట్టుకున్నాను. మా ఆవిడ వంటింట్లోంచి చూసి, ‘తలనొప్పా?’ అని అడిగింది.

మొదటిదే ఆర్ట్ బ్లేకీ బృందం వాయించిన ‘మోనిన్’. పియానో రెండు ముక్కలు పలకగానే చెప్పేశాను. ‘ఇది లెక్కలోకి రాదు’ అని అమ్మాయి కొట్టేసింది. రాకపోయినా మొత్తం విన్నాం. బాబీ టిమన్స్ పియానో ఒక మాట అంటుంది, మిగతా అందరూ కలిసి ఔనంటారు. మళ్ళీ ఒక మాట, మళ్ళీ ఔను. నల్లవాళ్ళ చర్చిలో పాస్టర్‌కి జనం పలికినట్టు. మన చెవికి బుర్రకథలో ‘తందాన తాన’ వంతలాగే తగులుతుంది. ఇరవయ్యేళ్ళ లీ మోర్గన్ సోలోలోకి అడుగుపెట్టే తీరు ఉందే, వీధిలో గొడవ జరుగుతుంటే పంచె ఎగ్గట్టి దిగినట్టుంటుంది. వెనక ఆర్ట్ బ్లేకీ ఒక్క డ్రమ్స్ మోతతో వాణ్ణి ముందుకి తోస్తాడు. దీని పేరుకి మీతో పని లేదు.

మూడోది వచ్చింది. శుభ్రంగా ఉంది, చురుగ్గా ఉంది, ఎక్కడో విన్నట్టుంది. ట్రంపెట్ కుర్రాడు కాస్త తొందరపడుతున్నాడనిపించింది. ‘ఆరు’ అన్నాను. ఐదోది వచ్చింది. టెనర్ శాక్సఫోన్. ఎవరినీ మెప్పించాలన్న ఆత్రం లేదు. ప్రతి వాక్యం చివర చిన్న దిగులు. ‘హాంక్ మోబ్లీ! మంచి రోజున వాయించిన మోబ్లీ! తొమ్మిది!’ అని అరిచాను. ఆఖర్న ఒకటి వచ్చింది. దానికి మార్కులేయడమే మర్చిపోయాను. పాట అయిపోయాక అమ్మాయి రెండుసార్లు పిలిచింది.

తుండుగుడ్డ విప్పాను. ఆరు మార్కులది ‘బ్లూ ట్రెయిన్’ ఆల్బమ్‌లోని ‘లోకోమోషన్’. ‘నాన్నా, ఇది నువ్వు నెత్తిన పెట్టుకునే రికార్డే కదా’ అంది అమ్మాయి. మార్కులేయడం మర్చిపోయింది మోబ్లీ ‘సోల్ స్టేషన్’లో మొదటి పాట. 1960 ఫిబ్రవరి 7న నలుగురు మనుషులు ఒక్క రోజులో చేసిన ఆల్బమ్. మరి నేను మోబ్లీ అని అరిచిన ఆ తొమ్మిది మార్కుల మనిషి? టీనా బ్రూక్స్. ‘ట్రూ బ్లూ’లోని ‘గుడ్ ఓల్డ్ సోల్’.

‘మరి ఈయనకి పేరెందుకు రాలేదు?’ అని అడిగింది అమ్మాయి.

వెంటనే మిమ్మల్ని తిప్పి చూశాను. ‘ట్రూ బ్లూ’ వెనక మీరు లేరని కాదు. ఉన్నారు, గిట్లర్ చేతిరాతలో. మెచ్చుకున్నారు కూడా. ‘బ్లూ ట్రెయిన్’ వెనక ఎంత మెచ్చుకున్నారో ఇంచుమించు అంతే. అక్కడే మీ మీద నా కేసు వీగిపోయింది. అందరికీ ఒకే జాతకం రాసినవాణ్ణి పట్టుకుని, ఫలానావాడి పెళ్ళి మీవల్లే అయిందని ఎలా అంటాం?

బ్రూక్స్‌కి బతికుండగా అతని పేరు మీద వచ్చిన ఆల్బమ్ అదొక్కటే. ‘బ్యాక్ టు ద ట్రాక్స్’ అనే ఇంకోదానికి కేటలాగు నంబరు 4052 కూడా ఇచ్చారు, రికార్డు మాత్రం బయటికి రాలేదు. హెరాయిన్, అనారోగ్యం. 1974లో 42 ఏళ్ళకే పోయాడు. మిగతా ఆల్బమ్‌లు ఆ తర్వాతే బయటికొచ్చాయి. మోబ్లీ సంగతి మరీ దారుణం. లెనార్డ్ ఫెదర్ అతన్ని టెనర్ శాక్సఫోన్‌లో ‘మిడిల్‌వెయిట్ చాంపియన్’ అన్నాడు. కోల్ట్రేన్, సన్నీ రాలిన్స్ హెవీవెయిట్లట. మెచ్చుకోలుగానే అన్నాడనుకుందాం. కానీ ఆ ఒక్క ముక్క ఆ మనిషి మెడలో పలకలాగా వేలాడింది. అయ్యా, సంగీతాన్ని కాటాలో పెట్టి తూచమని మీకు ఎవరు చెప్పారు? అతను 1966లో చేసిన ‘ఎ స్లైస్ ఆఫ్ ద టాప్’ 1979 దాకా గోడౌన్‌లోనే ఉంది. మొత్తం అప్పుడే వచ్చుంటే ఎవరు ఏ వెయిటో మా నలుగురం ఇంకోలా వాదించుకునేవాళ్ళం.

ఇటు చూస్తే పియానిస్టు సన్నీ క్లార్క్ ఆల్బమ్ ‘కూల్ స్ట్రటిన్’. 1958లో వచ్చినప్పుడు అమెరికాలో పెద్దగా పట్టించుకున్నవాళ్ళు లేరు. 1963 జనవరిలో 31 ఏళ్ళకి క్లార్క్ పోయాడు. తర్వాత ఎక్కడో జపాన్‌లో ఆ రికార్డు విపరీతంగా అమ్ముడై క్లాసిక్ అయి కూర్చుంది. వాళ్ళు మిమ్మల్ని చదివి కొన్నారో, ముందువైపు అట్ట మీద నడిచిపోతున్న హైహీల్స్ చూసి కొన్నారో, అంత పెంకితనం నాకు లేదు కాబట్టి, విని కొన్నారనే అనుకుంటాను.

ఇంకో రకం భక్తులున్నారు. వాళ్ళకి మీరూ అక్కర్లేదు, సంగీతమూ అక్కర్లేదు. లేబుల్ మీద కంపెనీ అడ్రస్ 47 వెస్ట్ 63 అని ఉందా, లేక తర్వాతి ముద్రణా అని డోర్ నంబర్ చూసి సంబంధం కలుపుకుంటారు. వేలకి వేల డాలర్లు పోసి తెచ్చి, గీత పడుతుందని ముల్లు ఆనించరు. వాళ్ళకి విడిగా ఉత్తరం రాస్తాను.

ఇంతకీ చెప్పొచ్చేదేమిటంటే, ‘సాక్సఫోన్ కలోసస్’ ఆల్బమ్ వెనక మీరూ, దాని మీద 1958లో సంగీతకారుడు, విమర్శకుడు గుంథర్ షుల్లర్ రాసిన పెద్ద విశ్లేషణా లేకపోయినా సన్నీ రాలిన్స్ అలాగే వాయించేవాడు. అందులోని ‘బ్లూ 7’ పాటలో తాను ఎంత గొప్పగా ఆలోచించాడో షుల్లర్ విడమర్చి చెప్తే, రాలిన్స్ అది చదివి ఇబ్బంది పడ్డాడు తప్ప పొంగిపోలేదు. నడుస్తున్నవాడికి నువ్వు ఏ కాలు ముందు వేస్తున్నావో చూశావా అని చెప్తే ఏమవుతుంది? బొక్కబోర్లా పడతాడు.

అలాగని మిమ్మల్ని పూర్తిగా తీసేస్తే ఎలా ఉంటుందో ఇప్పుడు ఫోన్‌లో చూస్తున్నాను. చీమల బారు లేదు. బేస్ ఎవరు వాయించారో చెప్పే దిక్కు లేదు. పాల్ చాంబర్స్ పేరు కోసం వెతుక్కోవాల్సి వస్తోంది. ‘బ్లూ ట్రెయిన్’లోనూ ఆయనే, ‘సోల్ స్టేషన్’లోనూ ఆయనే, ‘కూల్ స్ట్రటిన్’లోనూ ఆయనే, మైల్స్ అప్పు తీర్చిన ఆ రెండు రోజులూ ఆయనే. మీ పొగడ్తలన్నీ తీసేసినా, మీ నెత్తి మీద చిన్న అక్షరాల్లో ఉండే ఆ మనుషుల పేర్లు, వాద్యాలు, ఆ ఒక్క వరస ఉంచండి. రిహార్సల్‌కి కూడా డబ్బులిచ్చిన కంపెనీ బ్లూ నోట్. ఆ మాట ఎక్కడైనా ఒక మూల వేసినా అభ్యంతరం లేదు. అందరూ ఒకేసారి ఊపిరి పీల్చినట్టు వినబడేది ఊరికే రాలేదు.

మైల్స్ అప్పు తీర్చిన టేపుల్లో ఒకచోట, పాట మొదలవకముందు ఆయన గొంతు వినబడుతుంది. ముందు వాయిస్తాను, అదేమిటో తర్వాత చెప్తాను అంటాడు. ఆ రికార్డు అట్ట వెనక కూడా మీరున్నారు. నవ్వొచ్చింది.

ఇట్లు,
తుండుగుడ్డ కట్టుకుని విన్న ఒక శ్రోత

తా.క.: వచ్చే ఆదివారం మేం నలుగురం మళ్ళీ కలుస్తున్నాం. ‘బ్లూ ట్రెయిన్’ భక్తుడి ముందు ఆ ఆరు మార్కుల సంగతి ఎత్తొద్దని అమ్మాయిని బతిమాలాను. రెండు మసాలా దోసెలకి ఒప్పుకుంది.