ఎనిమిది వారాలకోసారి వేసే సూది మీద తిరుగుతున్న ఆడియోకి నా జవాబు

మా చుట్టాల్లో వారం రోజులుగా ఒక ఆడియో తిరుగుతోంది. నాకే మూడు వైపుల నుంచి వచ్చింది. తెనాలి నుంచి పిన్ని పంపింది, హైదరాబాద్ నుంచి మా ఆడపడుచు పంపింది, చివరికి ఇక్కడ డల్లాస్‌లో మా పక్క వీధి వాళ్ళు కూడా. నాలుగు నిమిషాల పాటు ఆ గొంతు చెప్పేది ఇదీ: చలిగాలి తగిలితే దద్దుర్లు, జ్వరం వచ్చే పిల్లలకి అమెరికాలో ఐలారిస్, కైనరెట్ అని సూదులు వేస్తున్నారు, అవి పేరు మార్చిన స్టెరాయిడ్లు, ఒకసారి మొదలుపెడితే ఒళ్ళు అలవాటు పడిపోయి మానలేరు, ఇమ్యూనిటీ చచ్చిపోతుంది, అసలది వట్టి అలర్జీ, పసుపు పాలు తాగి వారానికో ఉపవాసం ఉంటే చాలు.

మా అమ్మాయికి వేస్తున్నది ఆ ఐలారిస్ సూదే. పిన్నీ, నీ మీద కోపం లేదు, పిల్ల మీద బెంగతోనే పంపావని తెలుసు. కానీ ఊరుకోలేను.

ముందు ఆ "వట్టి అలర్జీ" సంగతి. మేమూ మూడేళ్ళు అలాగే అనుకున్నాం, డాక్టర్లూ అలాగే అన్నారు, సెట్రిజిన్ సీసాలు ఖాళీ అయ్యాయి తప్ప దద్దుర్లు తగ్గలేదు. ఎందుకు తగ్గుతాయి? మామూలు అలర్జీ దద్దుర్లు ఒంట్లో ఊరే హిస్టమిన్ అనే రసాయనం వల్ల వస్తాయి, సెట్రిజిన్ అడ్డుకునేది దాన్నే. దీనిది వేరే దారి, చర్మంలోకి న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు చేరి మంట పుట్టిస్తాయి. కిరాణా కొట్టులో కూరగాయలు పెట్టే చల్లగదిలోకి పిల్లని తీసుకెళ్తే అక్కడ ఒంటి మీద ఏమీ కనబడేది కాదు, ఇంటికొచ్చి సామాను సర్దుకునేసరికి తొడల మీద ఎర్రగా పొంగేది, రాత్రికి జ్వరం, మోకాళ్ళు పట్టేసి మెట్లెక్కలేకపోయేది. ఐస్ ముక్క చేతి మీద పెట్టి చూసే పరీక్షలో మాత్రం ఏమీ రాలేదు. ఈ జబ్బులో సాధారణంగా రాదు కూడా, ఆ ముక్క మాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

జబ్బు పేరు మకల్-వెల్స్. 1962లో ఇంగ్లండ్‌లోని డార్బీషైర్‌లో ఒకే కుటుంబంలో తరాల తరబడి దద్దుర్లు, చెవుడు, కిడ్నీ జబ్బు కలిసి రావడం చూసి మకల్, వెల్స్ అనే ఇద్దరు డాక్టర్లు దీని గురించి రాశారు. అసలు దోషం 2001లో తేలింది: ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 అనే జన్యువులో. ఆ జన్యువు పని, ఒంట్లోకి సూక్ష్మక్రిములు వస్తే ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే మంట రసాయనాన్ని విడుదల చేయించడం. మా పిల్లలో ఏ క్రిమీ లేకుండానే ఆ కుళాయి కారుతూ ఉంటుంది. అలా ఏళ్ళ తరబడి కారితే వినికిడి పోవచ్చు, కాలేయం తయారుచేసే ఒక ప్రొటీన్ కిడ్నీల్లో పేరుకుని అవి దెబ్బతినొచ్చు. అందుకే మా పిల్లకి చెవి పరీక్ష, మూత్రంలో ప్రొటీన్ పరీక్ష క్రమం తప్పకుండా చేయిస్తాం. వట్టి అలర్జీకి ఎవరైనా చెవులు పరీక్ష చేయిస్తారా?

స్టెరాయిడ్ అన్నమాట శుద్ధ అబద్ధం. ఐలారిస్ అంటే కెనకినుమాబ్, ఒక యాంటీబాడీ, అంటే ఎంచుకున్న ఒక్కదానికే అతుక్కుని దాన్ని ఆపే ప్రొటీన్, ఇది ఇంటర్‌ల్యూకిన్-1 బీటాని ఒక్కదాన్నే పట్టుకుంటుంది. కైనరెట్ అంటే అనకిన్రా. దీని కథ నాకు భలే ఇష్టం: ఆ మంటని ఆపడానికి మన ఒంట్లోనే పుట్టే ఒక ప్రొటీన్ ఉంది, దాదాపు దానికి నకలునే ల్యాబ్‌లో ఈ.కోలై బ్యాక్టీరియా చేత తయారు చేయిస్తారు. ఆ సొంత ప్రొటీన్ లేకుండా పుట్టే పిల్లలు కూడా ఉన్నారు, వాళ్ళకీ ఇదే మందు. నిజం చెప్పాలంటే ఈ మందులు రాకముందు పిల్లలకి ఇచ్చింది స్టెరాయిడ్లే, మొహం ఉబ్బి, ఎదుగుదల ఆగిపోయి నానా అవస్థలూ పడ్డారు.

ఇక "మానలేరు". జనం ఎక్కువగా భయపడేది దీనికే. మానితే జబ్బు తిరిగొస్తుంది, నిజమే. 2006లో ఈ జబ్బులోనే అతి తీవ్రమైన రకం ఉన్న 18 మందికి అనకిన్రా ఇచ్చి ఫలితాలు ప్రచురించారు, మూడు రోజుల్లో అందరికీ దద్దుర్లు పోయాయి, మధ్యలో ఆపి చూస్తే కొద్ది రోజుల్లోనే జబ్బు తిరగబెట్టింది, మళ్ళీ ఇస్తే మళ్ళీ తగ్గింది. 2009లో కెనకినుమాబ్‌తో ఇంకా పకడ్బందీగా చేశారు: 35 మందిలో 34 మందికి ఒక్క డోసుతో పూర్తిగా తగ్గింది, తర్వాత కొందరికి మందు, కొందరికి మందు లేని ఉత్త సూది ఎవరికేదో చెప్పకుండా వేశారు, మందు అందిన 15 మందిలో ఒక్కరికీ తిరగబెట్టలేదు, ఉత్త సూది పడ్డ 16 మందిలో 13 మందికి తిరగబెట్టింది. ఆడియో దీన్నే చూపించి "చూశారా, అలవాటు పడ్డారు" అంటుంది. అలవాటు పడ్డ ఒళ్ళు డోసు పెంచమంటుంది, ఆపితే ఇదివరకు లేని కొత్త బాధలు తెస్తుంది. ఇక్కడ తిరిగొచ్చింది పాత జబ్బే, పుట్టుకతో వచ్చిన జన్యువు సూదితో మారదు కదా. పిన్నీ, నువ్వు ఇరవై ఏళ్ళుగా పొద్దున్నే పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నావు, నిన్నెవరైనా మాత్రకి బానిసయ్యావన్నారా?

ఇమ్యూనిటీ విషయంలో మాత్రం ఆడియోలో పిసరంత నిజం ఉంది, దాచను. ఇన్ఫెక్షన్ల ముప్పు కొంత పెరుగుతుంది. మొదలుపెట్టే ముందు టీబీ పరీక్ష చేశారు, బతికున్న క్రిములతో చేసే టీకాలు ఈ మందు వాడుతున్నంత కాలం వద్దన్నారు, ఫ్లూ సూది మామూలుగానే వేయిస్తాం. గుండెపోటు వచ్చినవాళ్ళ మీద ఇదే కెనకినుమాబ్‌ని 10,061 మందితో పరీక్షించి 2017లో ఫలితాలు చెప్పారు, అందులో ఇన్ఫెక్షన్‌తో చనిపోయినవాళ్ళు ఏడాదికి ప్రతి వంద మందికి 0.31, మందు లేనివాళ్ళలో 0.18. తేడా ఉంది, అందుకే పిల్లకి జ్వరం వస్తే తాత్సారం చేయకుండా ఫోన్ చేస్తాం. "చచ్చిపోతుంది" అనడానికి, దీనికీ చాలా దూరం. మిగతా ఇమ్యూనిటీ అంతా దాని పని అది చేసుకుంటూనే ఉంటుంది, ఆపింది ఒక్క కుళాయినే.

పసుపు గురించి రెండే ముక్కలు. ల్యాబ్‌లో గాజు పళ్ళెంలోని కణాల మీద పసుపులోని కర్కుమిన్ అనే పదార్థం ఈ మంటని తగ్గించినట్టు కనబడింది, ఆడియోవాళ్ళు పట్టుకున్న తోక అదే అనుకుంటా. నోటితో తిన్న పసుపులో రక్తంలోకి చేరేది అతి స్వల్పం. మా అత్తగారు ఏడాది పాటు రోజూ తాగించారు, పాలంటేనే పిల్ల పారిపోయేది. ఉపవాసం ఎదిగే పిల్లకా?

మేము మొదట పది నెలలు అనకిన్రా వేశాం, రోజూ. ఫ్రిజ్‌లో గోంగూర పచ్చడి సీసా పక్కన సిరంజీల డబ్బా, అరగంట ముందు తీసి బయట పెట్టాలి, చల్లగా వేస్తే చురుక్కుమంటుంది. ఒకరోజు కుడి తొడ, ఒకరోజు ఎడమ, ఒకరోజు పొట్ట. మొదటి నెల వేసిన చోటల్లా రూపాయి బిళ్ళంత ఎర్రటి మచ్చలు, పిల్ల ఏడుపు, నా ఏడుపు. ఇప్పుడు ఐలారిస్, ఎనిమిది వారాలకి ఒక్క సూది. పోయిన శనివారం ఆ చల్లగదిలో పాలకూర కట్టలు తనే ఏరింది.

ఆడియో అసలు ఎత్తని సంగతి ఖరీదు. ఒక్క డోసే లక్షల రూపాయల్లో పడుతుంది, ఇన్సూరెన్స్ లేకపోతే మావల్ల అయ్యేది కాదు. ఇండియాలో 2021 నాటి అరుదైన వ్యాధుల విధానం కింద 50 లక్షల వరకూ సాయం ఉంది కానీ అది జాబితాలో ఉన్న జబ్బులకే, హైదరాబాద్‌లో దానికి కేంద్రం డీఎన్‌ఏ పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీ, నిమ్స్ ఆసుపత్రి కలిసి. ఇంట్లో ఇలాంటి పిల్లలున్నవాళ్ళు ముందు అక్కడికెళ్ళి అడగండి. ఆ నాలుగు నిమిషాలూ ఈ ఖరీదు మీద మాట్లాడి ఉంటే ఆ ఆడియోని నేనే పదిమందికి పంపేదాన్ని.