రాజావారికి ఐదు మీటర్లు ఎడంగా

కొల్లేటి ఆటపాకలో గూడబాతుల్ని చూపించే బోటెక్కి, "ఇంకాస్త దగ్గరికి పోనియ్యవోయ్" అని బోటు కుర్రాడి ప్రాణం తోడేవాళ్లకి మన డెల్టాలో కొదవ లేదు. ఇప్పుడు వీరి కన్ను దక్షిణ అట్లాంటిక్ సముద్రంలో ఉన్న సౌత్ జార్జియా దీవిలోని కింగ్ పెంగ్విన్ల మీద పడింది. అక్కడ విమానం దిగే చోటు లేదు, ఓడే గతి. కనుక జిల్లా పరువు కోరి ఈ నాలుగు ముక్కలు.

ఒడ్డున కాలు పెట్టే ముందు జేబులు, వెల్‌క్రో పట్టీలు వాక్యూమ్‌తో లాగి, గడ్డి గింజ కూడా మిగలకుండా చూస్తారు. బూట్లు బ్రష్షుతో రుద్ది మందు నీళ్లలో ముంచాలి. మన రొయ్యల చెరువుల దగ్గరా పర్మాంగనేట్ తొట్టి పెడతారు. కాలు తడవకుండా దాన్ని దాటే విద్య మనకి ఉగ్గుపాలతో అబ్బింది. తీరా వైరస్ తగిలాక సీడుని (చెరువులో వదిలిన రొయ్యపిల్లల్ని) తిట్టుకుంటాం. అక్కడ ఆ వెసులుబాటు లేదు. 2023లో బర్డ్ ఫ్లూ ఆ దీవికీ చేరింది. అందుకని నేల మీద కూర్చోకూడదు, మోకాలు ఆన్చకూడదు, సంచి దించకూడదు. పులిహోర పొట్లం ఊసెత్తకండి.

వాసనకి భయపడక్కర్లేదు. ఎండుచేపల కళ్లంలో కోళ్ల ఫారం పెట్టినట్టుంటుంది, అంతే.

ఈ పక్షి గూడు కట్టదు. ఒక్కటే గుడ్డు పెట్టి, దాన్ని పాదాల మీదకి ఎత్తుకుని, పొట్ట కింది చర్మపు మడత కప్పి, ఆలుమగలు వంతులేసుకుని 54 రోజుల పైచిలుకు నిలబడే పొదుగుతాయి. పక్కవాడి ముక్కు అందనంత ఎడమే సరిహద్దు. జరిగి వచ్చినవాడికి అక్కడికక్కడే ఓ పోటు, ఓ రెక్కదెబ్బ. సర్వేయరు లేడు, వాయిదాల్లేవు. గట్టు తగాదాలు తాతల నుంచి మనవల దాకా నడిపే మనకి ఇది మరీ అనాగరికంగా తోస్తుంది.

పదవుల విషయమూ అంతే. ఎడిన్‌బరో జూలోని నీల్స్ ఒలావ్ అనే కింగ్ పెంగ్విన్ 2023లో నార్వే రాజరక్షక దళానికి మేజర్ జనరల్ అయింది. సెంటర్లో ఒక్క ఫ్లెక్సీ కూడా కట్టలేదు!

గోధుమరంగు బొచ్చుతో తల్లికంటే లావుగా కనబడేది వేరే జాతి కాదు, పిల్లే. పాత నావికులూ అలాగే పొరబడ్డారు. సముద్రానికి వెళ్లే వాటి దారికి అడ్డం నిలబడకండి. వెనక పెద్ద వరస ఆగిపోతుంది, రావులపాలెం వంతెన మీదలాగే.

చివరి చిక్కు: పక్షికి ఐదు మీటర్లు ఎడంగా ఉండాలన్నది మనకి పెట్టిన నియమం, దాని మీద పెంగ్విన్ సంతకం చెయ్యలేదు. మూడడుగుల పక్షి తాపీగా నడిచొచ్చి, మెడ వంచి మీ బూటు లేసు పరిశీలిస్తుంది. అప్పుడు ఊపిరి బిగబట్టి కదలకుండా నిలబడాలి. "ఏ ఊరండీ, ఎవరి తాలూకా?" అనకూడదు.